అమ్మ గొంతులో వంతు

తెల్లవారుతుండగానే బాత్రూమ్ తలుపు వెనక నుంచి గళగళమని చప్పుడు. ఉప్పు కలిపిన వేణ్ణీళ్ళు గొంతులో దొర్లుతాయి, కాసేపు ఆగుతాయి, మళ్ళీ దొర్లుతాయి. ఢిల్లీ పక్కనున్న ఇందిరాపురంలోని ఆ పై అంతస్తు ఫ్లాట్‌లో, బాల్కనీ చువ్వల మీది పావురాలు కూడా ఆ చప్పుడుకే రెక్కలు విదిలించుకుంటాయి. పక్క గదిలో దుప్పటి ముసుగులో ఉన్న చైతు కళ్ళు తెరవకుండానే అనుకుంటుంది: మమ్మీ గొంతుకి స్నానం చేయిస్తోంది. నాకోసం మాత్రం కాదు.

తలుపు తెరుచుకుని మైథిలి వస్తుంది. సన్నటి మనిషి. మరిచిపోతానన్న భయంతో స్కూలు ఐడీ కార్డు అప్పటికే మెడలో వేసుకుని ఉంటుంది. కూతురి కాలి బొటనవేలు పట్టుకుని లాగుతుంది. అదే మేలుకొలుపు. మాట ఉండదు.

మైథిలిది తెనాలి. పెళ్ళయి ఢిల్లీ వచ్చినప్పటి నుంచి వైశాలి దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతోంది. రోడ్డు వైపు కిటికీలు, తలల మీద గరగరలాడే ఫ్యాన్లు, వాటన్నిటి మీదుగా వెనక బెంచీ దాకా చేరాల్సిన సమీకరణాలు. ఏళ్ళ తరబడి అరిచి అరిచి, పారపట్టిన అరచేతుల్లా, ఆమె గొంతు లోపల కాయలు కాచాయి. మాటలు సగానికి తగ్గించకపోతే గొంతు ఉండదన్నాడు డాక్టరు. స్కూల్లో తగ్గించడం కుదరదు. అందుకని ఇంట్లో తగ్గించింది. చప్పట్లు కొడితే అన్నానికి రమ్మని. వేలు గాలిలో సున్నా చుడితే ఫ్యాన్ ఆపమని. కనుబొమలు పైకి లేస్తే హోంవర్క్ సంగతేమిటని.

"దేవుడు ఇన్నాళ్ళకి నా మొర ఆలకించాడే," అంటాడు ఆమె భర్త సాయిప్రకాష్, గుర్‌గావ్ ఆఫీసుకి బూట్లు తొడుక్కుంటూ. మైథిలి టిఫిన్ డబ్బా మూత ఠంగున కొట్టి జవాబు చెబుతుంది.

చైతుకి పదకొండేళ్ళు. పూర్తి పేరు చైత్ర. తెలుగు అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం హిందీయే వస్తుంది. అమ్మ పనిచేసే స్కూల్లోనే ఆరో తరగతి. అక్కడ అమ్మని అందరిలాగే "మేమ్" అనాలి. అది కూడా భరించగలదు. ఇంట్లో సైగలనూ భరించగలదు. భరించలేనిది ఒక్కటే. ఆ మిగిల్చిన గొంతంతా సాయంత్రాలు ఎక్కడికి పోతోందో ఆమెకు తెలుసు.

అది ప్రవల్లికకి పోతోంది.

ప్రవల్లిక చైతు ఎన్నడూ చూడని మనిషి. హన్మకొండ అమ్మాయి, పుట్టుకతోనే చూపు లేదు. ఢిల్లీ మునిర్కాలో ఒక అద్దె గదిలో ఉండి సివిల్స్‌కి చదువుతోంది, తెలుగు సాహిత్యం తీసుకుంది. కొత్త పుస్తకాలను ఫోన్ చదివి వినిపిస్తుంది. పాత అచ్చు పుస్తకాల దగ్గరకొచ్చేసరికి దాని నాలుక మడతపడుతుంది. ఉగాది సభలో ఎవరో పరిచయం చేస్తే, "పుస్తకాలున్నయి మేడం, సదివేటోల్లే లేరు," అందట. ఆ ఒక్క మాటకి మైథిలి కరిగిపోయింది. అప్పటి నుంచి రోజూ సాయంత్రం పుస్తకం, ఫోను పట్టుకుని బేస్‌మెంట్‌కి దిగుతుంది. పార్క్ చేసిన తమ కారులో కూర్చుని అద్దాలు పైకెత్తుకుంటుంది. ఇందిరాపురం మొత్తం మీద హారన్ వినిపించని చోటు అదొక్కటే. అక్కడ పాఠం చదివి, రికార్డు చేసి, మునిర్కాకి పంపిస్తుంది.

సోమవారం యూనిట్ టెస్టు, మంగళవారం సరుకులు, గీజర్ మెకానిక్. రెండు రోజులూ మైథిలి ఇంట్లో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. కారులోకి మాత్రం రెండు రోజులూ వెళ్ళింది. బుధవారం చైతు చప్పుడు చెయ్యకుండా వెనకే మెట్లు దిగింది.

బేస్‌మెంట్‌లో తడి సిమెంటు వాసన. వరసగా నిద్రపోతున్న కార్ల మధ్య ఒక్క కారులో పసుపుపచ్చ దీపం. అద్దాల వెనక అమ్మ పెదవులు కదులుతున్నాయి. ఎడమచెయ్యి పద్యం వెంట లేస్తోంది, వాలుతోంది, ఏదో పాదం దగ్గర పిట్టలా ఆగుతోంది. మధ్యలో అమ్మ నవ్వింది. పొద్దుటి నుంచి ఇంట్లో ఎవరికీ దక్కని నవ్వు. శబ్దం ఒక్క రవ్వ కూడా బయటికి రావడం లేదు. స్తంభం చాటున నిలబడ్డ చైతు ఇక ఆగలేకపోయింది. గబగబా వెళ్ళి అద్దం మీద కొట్టింది, ఆకలేస్తోందని.

"మమ్మీ, భూఖ్ లగీ హై."

మైథిలి తల తిప్పకుండానే వేలు ఎత్తింది, ఒక్క నిమిషమని. ఆ వేలినే చూస్తూ చైతు అక్కడే నిలబడింది. ఆ నిమిషం ఎంతకీ అయిపోలేదు.

గురువారం రాత్రి అన్నాలయ్యాక చైతు దిండు పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. చెప్పు పోగొట్టుకున్న కాకి కథ కావాలంది. అది పుస్తకంలో ఉన్న కథ కాదు. చైతుకి జ్వరమొచ్చినప్పుడు అమ్మ అప్పటికప్పుడు అల్లింది. ఒంటి చెప్పుతో ఎగిరే కాకి మెట్రో ఎక్కుతుంది, చాందినీ చౌక్‌లో జిలేబీ తింటుంది, చెప్పు మాత్రం ఎన్నటికీ దొరకదు. ప్రతిసారీ కాకి కొత్త చోట వెతకాలి.

మైథిలి గొంతు మీద చెయ్యి పెట్టుకుని, రెండు చేతులూ జోడించింది. ఆమె కళ్ళ కింద రోజంతా నల్లగా పేరుకుని ఉంది.

"శామ్ కో తో ఠీక్ థా," అంది చైతు. సాయంత్రం బాగానే ఉంది కదా అని. అని, దిండు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

శుక్రవారం ఆరో తరగతి హిందీ టీచరు రాలేదు. టీచరు రాకపోతే ఖాళీగా ఉన్న మరో టీచరుని పంపుతారు. దాన్ని అరేంజ్‌మెంట్ అంటారు. ఆ రోజు అరేంజ్‌మెంట్‌కి వచ్చింది మైథిలి.

క్లాసంతా సంతలా ఉంది. కాసేపు బల్ల మీద డస్టర్ కొట్టింది. లాభం లేదు. గొంతు చించుకోవడం కంటే నయమనుకుందో ఏమో, కుర్చీలో కూర్చుని, మెల్లగా, హిందీలో మొదలుపెట్టింది.

"ఏక్ థా కౌవా. ఉస్‌కీ ఏక్ చప్పల్ ఖో గయీ."

అదే, చెప్పు పోగొట్టుకున్న కాకి కథ. అల్లరి మంచులా కరిగింది. కాకి మెట్రో ఎక్కింది. పిల్లలు పకపకా నవ్వారు. కాకి ఈసారి చెప్పు కోసం వెతుకుతూ ఒక స్కూల్లో దూరింది. ప్రిన్సిపాల్ గది కిటికీ మీద వాలింది. ఆ ముక్క చైతు ఎన్నడూ విననిది. సరికొత్తది. ముందు తనకి దక్కాల్సింది.

"మేమ్, ఔర్ సునాయియే! ప్లీజ్ మేమ్!"

ఇంకా చెప్పమని అందరి గోల. చైతు బల్ల మీద తల వాల్చి, చెవులు మోచేతులతో మూసుకుంది. గంట కొట్టేదాకా లేవలేదు. వెళ్తూ వెళ్తూ మైథిలి ఆమె జడ సవరించబోయింది. చైతు తల పక్కకి తప్పించింది.

శనివారం కారుకి సెలవు. మైథిలి పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకునే రోజు. ఫోను హాల్లో చార్జింగ్‌లో ఉంది. చైతు దాన్ని తీసుకుని బాల్కనీలోకి వెళ్ళి, ప్రవల్లిక పేరు వెతికి, మైకు బొమ్మ నొక్కి పట్టింది. మమ్మీ గొంతు మూతపడిపోయిందనీ, డాక్టరు మాట్లాడొద్దన్నాడనీ, ఇక ఏమీ చదవదనీ, సారీ దీదీ అనీ హిందీలో గడగడా చెప్పేసింది. పంపేసి, అమ్మ ఫోనులోంచి ఆ మెసేజ్ చెరిపేసింది. పావురం ఒకటి తల వంచి తననే చూస్తుంటే దాన్ని హుష్ అని తోలింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోదామనుకుంది. నిద్ర అంత హాయిగా రాలేదు.

ఆదివారం పొద్దున మైథిలి తలంటుకుంటుండగా బెల్లు మోగింది. చైతు తలుపు తీసింది. సెక్యూరిటీ గార్డు భయ్యా పక్కన తెల్ల కర్రతో ఒక అమ్మాయి. ఆకుపచ్చ చుడీదార్, చేతిలో చిన్న పొట్లం.

"నమస్తే. మైథిలి మేడం ఇల్లేనా?"

చైతు గాలి కూడా పీల్చలేదు.

"నువ్వు చైతువే గదా," అంది ప్రవల్లిక నవ్వి. "ఊపిరి బిగవట్టినా ఎరుకైతది. మెట్రోలు మారి మారి వచ్చిన, మంచినీళ్ళన్న ఇయ్యవా?"

చైతు పక్కకి జరిగి దారిచ్చి, నీళ్ళ గ్లాసు తెచ్చి అందించింది. ప్రవల్లిక నీళ్ళు తాగి, పొట్లం ముందుకు చాపింది. "కరక్కాయ. మా నాయనమ్మ పంపింది. బుగ్గన పెట్టుకుంటే గొంతు సాఫైతది. మీ అమ్మ గొంతు మూతపడ్డదన్నవ్ గదా."

"హా... వో..."

"అబద్ధం చెప్పేటప్పుడు తలుపేసుకోవాలె పిల్లా. నీ మెసేజ్ ఎనక కుక్కర్ కూత వినవడ్డది. దాని ఎంబటే మీ అమ్మ, 'చైతూ, కుక్కర్ ఆపవే!' అని. పది సార్లు విన్న."

చైతు మొహం కందగడ్డలా అయింది. "ఆప్... మమ్మీ కో బతాయేంగీ?"

"చెప్పుదామనే బయలెల్లిన, కోపంతోని. తోవల మనసు తిరిగింది." ప్రవల్లిక గ్లాసు అంచు మీద వేలితో రాస్తూ కూర్చుంది. "నువ్వు చెప్పింది సగం నిజమే. ఉగాది నాటి గొంతు కాదిది. దినాం వింటున్న, అరిగిపోతున్నది. ఆపుండ్రి అని నేనన్న అనాలె గదా? అనలే. ఆ పాఠాలు నాకు పానం. ఇంకోటి చెప్పాల్నా? నన్ను మీ అమ్మ ఒక్కనాడు గట్టిగ పిలువలే. 'మీరు, అండి' అని మర్యాద. నేను చిన్నప్పటి సంది హాస్టళ్ళల్లనే ఉన్న. కుక్కర్ ఆపవే అని నా మీద ఒర్రేటోల్లు ఎవరున్నరు? నీకు నా మీద కుళ్ళు ఉంటే ఉండనీ. నాకు నీ మీద లేదనుకుంటున్నవా?"

చైతుకి ఆ తెలుగు సగమే అర్థమయింది. ఆ సగం చాలింది.

వెనక నీళ్ళు కారుతున్న జుట్టుతో, తువ్వాలు చేతిలో పట్టుకుని మైథిలి నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు.

"ఏమే," అంది. నిన్నటి కుక్కర్ కేక తప్పిస్తే, వారం రోజులకి ఇంట్లో ఆమె గొంతు నిండుగా పలికింది, బొంగురుగా, చివర గీరుకుపోతూ. "నువ్వే పంపావా?"

"హా. మైఁనే." చైతు అమ్మ వైపు తిరిగింది. "ఆప్ సబ్‌కే లియే బోల్తీ హో. దీదీ కే లియే, క్లాస్ కే లియే. కౌవా భీ దే దియా." అందరి కోసమూ మాట్లాడతావు, కాకిని కూడా ఇచ్చేశావు అని. ఆగి, ఎక్కడి నుంచి తెచ్చుకుందో, తెలుగులో అరిచింది: "అది నా కాకి."

ఆ కేకకి సాయిప్రకాష్ చేతిలో పేపరుతో గదిలోంచి వచ్చాడు. సంగతి విని, "నా వంతు ఏదని నేనెప్పుడైనా గొడవ చేశానా?" అన్నాడు.

"మీకు వంతిస్తే వినేదెవరండీ, టీవీయా?" అంది మైథిలి. అని, కూతుర్ని పక్కకి లాక్కుని నేల మీద చతికిలబడింది. తిట్టలేదు. తడి జుట్టు చైతు భుజం మీద పడి గౌను తడిసిపోయింది.

"నేను వేరేటోల్లను చూసుకుంట మేడం," అంది ప్రవల్లిక.

"వేరేవాళ్ళు దొరికితే నా దగ్గరికెందుకు వచ్చేదానివి?" ఈసారి మీరూ అండీ లేవు. " పరీక్ష అయ్యేదాకా చదువుతాను. రోజు విడిచి రోజు." మైథిలి నిట్టూర్చింది. "తగ్గించాల్సింది అక్కడే అనుకుంటా, స్కూల్లో."

"నడుముకు కట్టుకునే మైకులు వస్తున్నయి గదా. మా కోచింగ్ సార్లందరూ పెట్టుకుంటరు."

"పెట్టుకుంటే మైథిలి మేమ్ పని అయిపోయిందంటారు, స్టాఫ్‌రూమ్‌లో."

"అననీయ్," అన్నాడు సాయిప్రకాష్, ఈసారి నవ్వకుండా.

మధ్యాహ్నం ప్రవల్లిక ఆ కారు చూడాలంది. తనకి ఇన్నాళ్ళుగా వినిపిస్తున్న నిశ్శబ్దం ఎలా ఉంటుందో తెలుసుకోవాలట. ముగ్గురూ బేస్‌మెంట్‌కి దిగారు. తాళం తీయడమే ఆలస్యం, చైతు ఒక్క దూకులో ముందు సీట్లో కూర్చుని బెల్టు కూడా పెట్టేసుకుంది. కదలని కారులో బెల్టేమిటని ఎవరూ అడగలేదు. ప్రవల్లిక వెనక సీటు తడుముకుని ఎక్కింది.

అద్దాలు పైకి లేచాయి. లోకం ఆగిపోయింది. మైథిలి పుస్తకం తెరిచింది.

చైతుకి పద్యం అర్థం కాలేదు. గొంతు అర్థమయింది. జ్వరంలో దుప్పటి లోపలికి వచ్చిన గొంతే. కాస్త చిరిగింది, అంతే. ఆ హాయిలో ఆమె వెనక్కి తిరిగింది. ప్రవల్లిక పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. మైథిలి ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో సరిగ్గా అక్కడే ఆమె ఛాతీ కూడా పైకి లేస్తోంది. అమ్మ ఊపిరి ఎక్కడ ఆగుతుందో తనకి తెలియదు. ఈమెకి తెలుసు. చైతు గుండెలో చల్లారిందనుకున్నది మళ్ళీ రాజుకుంది.

పాఠం అయిపోగానే, ప్రిన్సిపాల్ గది తరవాత కాకి ఎక్కడికెళ్ళిందో చెప్పమంది, "అబ్ కౌవా. ప్రిన్సిపాల్ కే బాద్ కహాఁ గయా?"

మైథిలి నోరు తెరవబోయింది. చైతు వేలెత్తి ఆపి, వెనక్కి తిరిగి శాసించింది. "దీదీ, ఆప్ కాన్ బంద్ కరో."

"చైతూ!"

"ఉండనీయుండ్రి మేడం." ప్రవల్లిక రెండు వేళ్ళూ చెవుల్లో గట్టిగా దోపుకుని, తల సీటుకి ఆనించింది. "మూసుకున్న. ఇగ చెప్పుండ్రి." ఆమె నవ్వుతోంది. చైతు మాత్రం ఆ వేళ్ళు వదులవుతాయేమోనని కథ అయ్యేదాకా కాపలా కాసింది.

ఇప్పుడు మైథిలి నడుముకి మైకు కట్టుకునే క్లాసుకి వెళ్తోంది. ఆ వారం సంగతులు కథగా రాస్తానని నేను అడిగితే ఒకసారి ఇటు, ఒకసారి అటు తలాడించింది. చివరికి ఒప్పుకుని, లిఫ్టు తలుపు మూసుకోబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి అంది:

"రాయడం అయ్యాక ముందు నాకివ్వండి. చైతుకి తెలుగు చదవడం రాదు, నేనే చదివి వినిపించాలి. ప్రవల్లికకి తరవాత పంపుతాను. ఈ వరస తప్పితే మాత్రం ఇంట్లో నన్ను బతకనివ్వదు."