మెడ లేని గౌను

కత్తెర తాత అంటే అల్లాటప్పా దర్జీ కాదు. వాళ్ల ఊరి చర్చిలో బాప్తిస్మం తీసుకున్న ప్రతి పసిగుడ్డుకీ తెల్లగౌను కుట్టింది ఆయనే, అదీ పైసా పుచ్చుకోకుండా. ఎందుకనుకున్నారు? పరలోకం గుమ్మంలో నిలబడినప్పుడు చూపించుకోవడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా! ఆయన భయం ఆయనది.

అలాంటి మనిషికి సొంత మనవరాలి బాప్తిస్మం వచ్చింది. ఇంక చూడండి, కాళ్లు నేలమీద నిలవలేదు. చూపు మసకబారిందని ఒప్పుకుంటాడా? చచ్చినా ఒప్పుకోడు. ఆదివారం పొద్దున్నే మిషను టకటకలాడించి, లేసు వేసి, గౌను కోడలి చేతికిచ్చాడు. కోడలు పాపకి తొడగబోయింది. తల దూరదే! అటు తిప్పింది, ఇటు తిప్పింది. మహానుభావుడు మెడ కూడా మూసి కుట్టేశాడు, గట్టిగా, రెండు వరసలు.

"మావయ్యా, చేతులకి దారుంది, తలకేదీ?" అంది కోడలు నవ్వాపుకోలేక.

చర్చి గంట మోగుతోంది. విప్పే టైము లేదు. పాపని ఉతికిన తువ్వాల్లో చుట్టేశారు. తాత మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. 'అయిపోయింది. ఇక దేవుడు నన్ను లోపలికి రానిస్తాడా?' అనుకుంటూ చర్చిలో వెనక బెంచీ మీద కూలబడ్డాడు.

పాస్టరుగారు పాపని ఎత్తుకున్నారు. పాప ఊరుకుందా? కేరుమంటూ ఆయన తెల్ల అంగీని నిలువునా తడిపేసింది. చర్చంతా గొల్లున నవ్వింది. ఆయనా పకపకా నవ్వి, ఆ తడి అంగీతోనే పాప నెత్తిన నీళ్లు పోశారు.

"చూశారా, దేవుడి కోసం ఈ పాప ఇప్పటిదాకా చేసింది ఇదొక్కటే!" అన్నారు. "అయినా బిడ్డా అని పిలిచాడు. మనల్నీ అంతే. మన పనులు చూసి కాదు. క్రీస్తుని నమ్ముకుంటే చాలు, నువ్వు నీతిమంతుడివే అంటాడు."

తాత దిగ్గున లేచాడు. "అయ్యగారూ, మరి నేను కుట్టిన గౌన్లు?"

"భలే ఉంటాయండీ. కానీ వాటిని చూసి కాదు దేవుడు మిమ్మల్ని చేర్చుకునేది."

"ఈ మాట ముందే చెప్పొద్దూ!"

"ప్రతి ఆదివారం చెబుతూనే ఉన్నారు," అని భార్య మోచేత్తో పొడిచింది. "మీరు ఆయన అంగీ కుట్లు చూస్తూ కూర్చుంటే ఎక్కుతుందా?"

తాతకి ముందు ఏడుపొచ్చింది. ఆ వెంటనే ఆపుకోలేనంత నవ్వొచ్చింది. ఇల్లు చేరేదాకా దారంతా చిన్నపిల్లాడిలా ఈలలే.

మధ్యాహ్నం భోజనాలు కాగానే మళ్లీ మిషను చప్పుడు. భార్య తొంగిచూసింది. తాత ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని, ఆ గౌను మెడ విప్పి తిరిగి కుడుతున్నాడు.

"బాప్తిస్మం అయిపోయిందిగా, ఇంకెవరికి చూపించాలని?"

"ఎవరికీ కాదే," అన్నాడు తాత. "నా మనవరాలు కదా, కుట్టబుద్ధేసింది."