ఖిదిర్‌పూర్ ఇంట్లో దూలం కింద ఇద్దరు

2022 వర్షాకాలం. పాత ఇళ్లు ఎంత గట్టిగా ఉన్నాయో పరీక్షించే స్ట్రక్చరల్ ఇంజినీరుగా కోల్‌కతాలో అప్పటికి నాకు ఇరవయ్యేళ్ల అనుభవం. ఖిదిర్‌పూర్ రేవు వెనక సందులో ఒక ఇల్లు చూడమని సుగుణ అనే నర్సు పిలిచింది. అది ఆమె మామగారిది. కొడుకు ప్రకాశానికీ కోడలికీ కలిపి రాసి ఆయన కన్నుమూశాడు. నాలుగేళ్లుగా వాళ్లు విడిగా ఉంటున్నారని తెలిసే అలా రాశాడట. సుగుణ వచ్చి ఆ ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. రైల్వే వంతెనల మరమ్మతు పని చేసే ప్రకాశం మాత్రం నది అవతల షాలిమార్‌లోనే ఉండిపోయాడు.

పడకగది గోడలో నిలువునా పగులుంది. దాని మీద అడ్డంగా టెల్‌టేల్ అతికించాను. అదొక సన్నని గాజుపలక. గోడ కదిలితే విరుగుతుంది. వారానికే విరిగింది. గది ఖాళీ చేయమంటే సుగుణ ఒప్పుకోలేదు. తను డ్యూటీలో ఉన్నప్పుడు ఎవరో ఇంట్లోకి వస్తున్నారని, నేల మీద బూటు గుర్తులు కనిపించాయని, రెండో తాళంచెవి ప్రకాశం దగ్గరే ఉందని చెప్పింది. తనను బెదరగొట్టి ఇల్లు అమ్మించడానికి అతనే గాజు పగలగొట్టాడని ఆమె అనుమానం. నిజం చెప్పాలంటే నేనూ అదే నమ్మాను.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం మళ్లీ వెళ్లాను. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన సుగుణ గుమ్మం ముందు ఆగిపోయి ఉంది. తాళం తీసి ఉంది. లోపల ఏదో ఈడుస్తున్న చప్పుడు. అయినా నాకంటే ముందు తనే లోపలికి నడిచింది.

పడకగదిలో ప్రకాశం. కప్పును మోసే టేకు దూలం చివర గోడలోంచి జారుతోంది. దాని కింద ఒక ప్రాప్, అంటే ఎత్తు సర్దుకునే ఇనుప ఊతం, నిలబెట్టాడు. రెండోది బిగించేలోపు అది ఒరిగిపోతుంటే భుజంతో ఆపి పట్టుకున్నాడు.

“లోపలికి రాకు సుగుణా,” అన్నాడు.

ఆమె సంచి పడేసి వెళ్లి, ఆ ఊతాన్ని రెండు చేతులా నిటారుగా పట్టుకుంది. నేను దాని మర తిప్పాను. తల మీద సున్నం రాలుతున్నా ఇద్దరిలో ఎవరూ చేయి వదల్లేదు. ఊతం బిగిసింది. దూలం ఆగింది.

బయటికొచ్చాక ప్రకాశం సంగతంతా చెప్పాడు. దూలం చివర చెద పట్టిందని తండ్రి ఉన్నప్పుడే చూశాడు. చెబుదామంటే సుగుణ ఫోను ఎత్తలేదు. అందుకే ఆమె లేనప్పుడు వచ్చి కొలతలు తీసుకుని, ఆ రోజు ఊతాలు తెచ్చాడు. బూటు గుర్తులు అతనివే; గాజు మాత్రం గోడ కదలడం వల్లే విరిగింది.

“గుమ్మంలో నిలబడి ఓ మాట సెప్పలేవేటి?” అంది సుగుణ. “పెళ్లయిన కాడ్నించీ ఇంతే. అన్నీ నువ్వే అనీసుకుంటావు, నువ్వే సేసీసుకుంటావు. మంచి పనైనా దొంగలాగే సేత్తావు.”

“తప్పు నాదే,” అన్నాడు ప్రకాశం. “ఇకమీద అడుగుతాను. మిగతా ఊతాలు ఎట్టడానికి రేపు రమ్మంటావేటి?”

“నేనున్నప్పుడు రా.”

మాట నిలబెట్టుకున్నాడు. రోజూ గుమ్మంలో ఆగి, అడిగి లోపలికి వచ్చేవాడు. దూలం మార్చేముందు నా డ్రాయింగు సుగుణకే మొదట వివరించమన్నాడు. దుర్గాపూజకు ముందు కొత్త దూలం ఎక్కింది. క్రిస్మస్‌కి ప్రకాశం షాలిమార్ నుంచి సామాను తెచ్చుకున్నాడు. రమ్మన్నది సుగుణే.

కోపం తీరకుండానే ఆ కప్పు కింద నిలబడిన ఆమెను, తన తప్పు ఒప్పుకుని మారిన అతన్ని తలుచుకుంటే నాకిప్పటికీ గౌరవం కలుగుతుంది. ఒక్కరి మాట విని మరొకరిని దోషిని చేశాను నేను. అప్పట్నించి ఏ ఇంటి పనైనా ఆ ఇంటివాళ్లందరినీ కూర్చోబెట్టి మాట్లాడాకే మొదలుపెడుతున్నాను.