కారులో రేడియో బిగించింది నేనే

మా బంధువుల్లో ఏ పెళ్లి జరిగినా, భోజనాలయ్యాక మగవాళ్లు తమలపాకుల పళ్లెం చుట్టూ చేరినప్పుడు ఒక కథ బయటికి వస్తుంది. "మా బామ్మర్ది నా కారుల రేడియో పెట్టిండు. మూగ రేడియో" అని మా అక్క మొగుడు మొదలుపెడతాడు. అందరూ నవ్వుతారు. ఆ బామ్మర్దిని నేనే. అదే జంపఖానా మీద, ఆయనకు చేయి చాపితే అందేంత దూరంలో కూర్చొని ఉంటాను. ఇన్నేళ్లలో ఒక్కరైనా నా వైపు తిరిగి అసలు ఏం జరిగిందని అడగలేదు. నేను చెప్పబోతే "పాత ముచ్చట, పోనీయ్" అంటారు. ఆయన చెబితే కొత్తది, నేను చెబితే పాతది. అందుకే రాస్తున్నాను. రాసేటప్పుడు మధ్యలో అడ్డం వచ్చేవాళ్లు ఉండరు.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన కొత్తలో మాట ఇది. హనుమకొండలో మాకు లాంతర్ల దుకాణం ఉండేది. లాంతర్లు, స్టవ్వులు అమ్మేవాళ్లం, బాగుచేసేవాళ్లం. టంకం వేయడం నాకు అక్కడే అలవాటైంది. ఆ తర్వాత రేడియోల పిచ్చి పట్టింది. ఊళ్లో రేడియోలున్న ఇళ్లు తక్కువ. చెడిపోయిన ప్రతి రేడియో నా దగ్గరికే వచ్చేది. వచ్చిన వాటిలో ఎక్కువ భాగం మాట్లాడుతూనే తిరిగి వెళ్లాయి. ఆ సంగతి ఏ పెళ్లిలోనూ ఎవరూ ఎత్తరు.

బావది వరంగల్‌లో ఆముదాలు, పల్లీల వ్యాపారం. ఆయనకు ఒక నల్లకారు ఉండేది. సికింద్రాబాద్‌లో మిలిటరీ సామాను లీలాం వేస్తున్నారని విని వెళ్లి, ఎవరో అధికారి కారు నుంచి ఊడదీసిన రేడియో ఒకటి పట్టుకొచ్చాడు. ఇనుప డబ్బా, దానికొక స్పీకరు, కొన్ని తెగిన తీగలు. దాన్ని మా అక్క ముందు పెట్టి "సికింద్రాబాద్‌ల బిగిస్తరట, వచ్చే వారం పోవాలె" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. ఎదురుగా ఉన్న మనిషి రేడియో పని చేస్తాడని ఆయనకు తెలియదా? తెలుసు. తెలిసే అన్నాడు. ఎందుకో నాకు ఇప్పటికీ అనుమానమే.

"నేను బిగిస్త బావా" అన్నాను.

"ఇది లాంతరు కాదు బామ్మర్ది, వత్తి ఎక్కిస్తే వెలుగుడు కాదు."

"వెలుగకపోతే అప్పుడను."

ఆయన నన్ను చూసి నవ్వాడు. "సరే. గిది కారుల మోగితే చౌరస్తల నా గోదాం ముందరి గది నీదే. రేడియోల దుకాణం పెట్టుకో. మోగకపోతే లాంతర్లే తుడుచుకుంట ఉండు" అన్నాడు. అక్క విన్నది. ఆయన డ్రైవరు గుమ్మంలో నిలబడి విన్నాడు. సాక్షులు లేని మాట కాదు. చౌరస్తాలో ఆ గది కోసం నేను ఎన్నాళ్ల నుంచి చూస్తున్నానో ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రేడియోతో నాకు పందెం ఆ గదే.

డ్రైవరు నాకంటే పెద్దవాడు, మడికొండ మనిషి. కారును పెళ్లాంకంటే ఎక్కువ చూసుకునేవాడు. నేను పనిచేసినంతసేపూ పక్కనే గొంతుక్కూర్చొని నా చేతుల వంక చూస్తూనే ఉన్నాడు.

"ఎందుకట్ల చూస్తానవ్?" అన్నాను.

"ఏం లేదు సేటు. మీరు ఊడదీసిన స్క్రూ ఏడ పెడ్తాన్రో చూస్తాన. మల్ల నన్నే అడుగుతరు."

బావే కాపలా పెట్టాడేమో అనుకున్నాను. కానీ పని ఆపలేదు. బ్యాటరీలో ఏ కొస కారు ఇనుముకు కలిపి ఉందో ముందే చూసుకున్నాను. అది చూడకుండా కలిపితే డబ్బా కాలిపోతుంది. స్టీరింగు పక్కన కింది భాగంలో డబ్బా బిగించాను. ఆ డబ్బాలో బ్యాటరీ కరెంటును పెంచే చిన్న పరికరం ఉంటుంది. మీట తిప్పగానే అది తుమ్మెదలా గుయ్యిమంటుంది. ప్రతి అతుక్కూ టంకం వేసి, నల్ల టేపు చుట్టి, టేపు ఊడకుండా పైన ఎర్ర పట్టుదారం కట్టాను. అది నా పద్ధతి. నేను ముట్టిన రేడియోను ఊళ్లో ఎక్కడ చూసినా ఆ దారం చూసి గుర్తుపట్టగలను.

అన్నిటికంటే జాగ్రత్తగా చేసింది ఏరియల్ పని. ముందరి అద్దం పక్కన నిలబెట్టే ఇత్తడి కడ్డీ అది. గాలిలో వచ్చే స్టేషన్లను అదే పట్టుకుంటుంది. అది కారు ఇనుముకు ఎక్కడా తగలకూడదు. తగిలితే పట్టుకున్నదంతా నేలలోకి పోయినట్టే. అందుకని కడ్డీ కింద పింగాణీ బిళ్లలు వేసి, రబ్బరు తొడిగి బిగించాను. ఇంజను నడుస్తుంటే స్పీకర్లో పటపటమని పేలాలు వేగినట్టు మోత వచ్చింది. డ్రైవరు సంతోషపడ్డాడు. "వయ్యి, మాట్లాడ్తాంది సేటు" అన్నాడు. ఇంజను ప్లగ్గుల దగ్గర ఆ మోతను ఆపే బిళ్లలు తగిలించాక అది తగ్గి, హైదరాబాద్ స్టేషన్ నుంచి ఒక మనిషి గొంతు శుభ్రంగా వినిపించింది. అప్పుడు డ్రైవరు లేచి, గుడ్డ తీసుకొని అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం బావ కారెక్కి చౌరస్తాకు పోనిచ్చాడు. నేను వెనక సీట్లో కూర్చున్నాను. ముందు సీట్లో చోటున్నా నన్ను పిలవలేదు, అదీ గుర్తుంది. చౌరస్తాలో ఆపి రేడియో గొంతు పెంచగానే జనం మూగారు. బండ్లవాళ్లు బండ్లు ఆపారు. బేరాలు చేసేవాళ్లు తక్కెళ్లు దించి వచ్చారు. ఒక ముసలాయన కారు కింద వంగి చూసి "లోపట పండుకొని మాట్లాడుతాండా?" అన్నాడు. ఎవరు బిగించారని ఒక బట్టల వ్యాపారి అడిగాడు. బావ మీసం సవరించుకుంటూ "ఉన్నరు, మనోళ్లే" అన్నాడు. మనోళ్లే. నేను ఆయన వీపు వెనకే ఉన్నాను. నా వైపు వేలు చూపితే ఆయన చెయ్యి అరిగిపోయేదా?

మరునాడు అమావాస్య. ఆ తర్వాతి రోజు బావ ఒక పెద్ద నూనె మిల్లు యజమానిని ఎక్కించుకొని స్టేషన్ ఘన్‌పూర్ వెళ్లాడు. దారిలో రేడియో పెడతానని ఆయనకు గొప్పగా చెప్పాడట. మీట తిప్పితే డబ్బా గుయ్యిమన్నది, లోపలి దీపం వెలిగింది, మాట మాత్రం రాలేదు. స్టేషన్లు వెతికితే ఆవిరి పోతున్నట్టు చిన్న చప్పుడు. ఆ పెద్దమనిషి "ఇయ్యాల మౌనవ్రతమేమో" అన్నాడట. తిరిగి వచ్చి బావ నన్ను పిలిపించాడు.

"చూడు నీ పనితనం. లాంతరుకన్న నయంగ వెలుగుతాంది."

నేను అన్నీ చూశాను. అతుకులన్నీ గట్టిగా ఉన్నాయి. దారాలు కదలలేదు. రేడియోను ఊడదీసి మా దుకాణానికి తీసుకుపోయి, బల్ల మీద వేరే బ్యాటరీకి కలిపి, ఏరియల్‌కు బదులు గజం తీగ పెట్టాను. మాట్లాడింది. ఢిల్లీ కూడా వచ్చింది. మళ్లీ కారులో బిగిస్తే మూగది. డబ్బా నుంచి కడ్డీ దాకా పోయే తీగ మార్చాను. మూగదే. నా బల్ల మీద పలికేది ఆయన కారులో ఎందుకు పలకదు? నేను లేనప్పుడు ఎవరో చెయ్యి పెడుతున్నారనే అనుకున్నాను. మీరైనా అదే అనుకునేవారు.

డ్రైవర్ని నిలదీశాను.

"నేను దాని ముట్టనే ముట్టలే సేటు. నాకు భయం, షాకు కొడ్తదని."

"మల్ల ఎవరు ముట్టిన్రు?"

"నాకేం ఎరుక. కారు కడిగిన. ముందట నిమ్మకాయ కట్టిన. గంతే."

ఆ నిమ్మకాయ నేను రోజూ చూస్తూనే ఉన్నాను. చౌరస్తాలో అంతమంది కళ్లు పడ్డాయని, అమావాస్య నాడు బావ దిష్టి తగలకుండా కట్టమన్నాడు. అక్క నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు, బొగ్గుముక్క గుచ్చింది. దారానికి గుచ్చితే కారు వేగానికి తెగిపోతుందని ఇనుప తీగకు గుచ్చింది. అందరూ చూసింది రేడియోను కాబట్టి, దిష్టి దానికే కాబట్టి, డ్రైవరు తీసుకెళ్లి ఇత్తడి కడ్డీకి కట్టాడు. కారు పోతుంటే ఊగి అద్దానికి కొట్టుకోకుండా కింది కొసను తెచ్చి బానెట్టు గొళ్లేనికి మెలిపెట్టాడు. గుత్తి చాటున ఆ కొస కనపడదు. మా ఇళ్లలో దిష్టికి కట్టినదాన్ని ఎవరూ ముట్టుకోరు. ముట్టుకుంటే ఆ దిష్టి ముట్టుకున్నవాడికి చుట్టుకుంటుంది. ఎండినాక, మళ్లీ అమావాస్యకు, కట్టినవాళ్లే తీసి నాలుగు దార్ల కూడలిలో పడేస్తారు. నేను కడ్డీ చుట్టూ అంతా వెతికి, ఆ గుత్తికి మోచెయ్యి కూడా తగలకుండా తప్పించుకొని పనిచేశాను. మా ఇళ్లలో పుట్టినవాళ్లు ఎవరైనా అలాగే చేస్తారు. అందులో నన్ను అనడానికేమీ లేదు.

తర్వాత బావ కారు బాగుచేయించడానికని సికింద్రాబాద్ వెళ్లాడు. తిరిగి వచ్చేటప్పటికి రేడియో మోగుతోంది. మా ఇంటి ముందు ఆపి, వీధంతా వినేలా గొంతు పెంచి, "ఆడ రేడియో దుకాణపాయన అన్ని ఊడదీసి మల్ల చేసిండు. నువ్వు పెట్టిన తీగలు ఒక్కటి సుత పనికి రాలేదట" అన్నాడు. మా నాన్న ముందు అన్నాడు, పక్కింటివాళ్ల ముందు అన్నాడు. ఆ వారంలోనే చౌరస్తాలోని గదిలో తన తమ్ముడి పల్లి బస్తాలు వేయించాడు.

నాకు అక్కడే అనుమానం తగిలింది. అన్నీ ఊడదీసిన మనిషి నా ఎర్ర దారం ఎందుకు ఉంచుతాడు? బావ లోపల కాఫీ తాగుతుండగా నేను స్టీరింగు కిందికి తల పెట్టి చూశాను. ప్రతి అతుకు మీదా నా దారం, నా ముడి. వాటి మీద దారిలో పడ్డ దుమ్ము చెదరకుండా ఉంది. స్క్రూల గాడుల్లో దుమ్ము ఉంది. ఎవరూ దేన్నీ తిప్పలేదు. మారింది ఒకటే. నిమ్మకాయ గుత్తి కడ్డీ మీద లేదు. కింద బంపరుకు వేలాడుతోంది.

నేను ఒక మామూలు ఇనుప తీగ తెచ్చి కడ్డీకీ బానెట్టుకూ తగిలించాను. మాట ఆగిపోయింది. తీశాను. వచ్చింది. డ్రైవర్ని పిలిచి మళ్లీ చేసి చూపించాను. వాడు నోరు తెరిచి చూశాడు.

"ఆడ దుకాణంల ఏం చేసిండు? నువ్వు చూసినవా?"

"నేను చూడలే సేటు. చాయ తాగి రాపో అన్నరు."

"నువ్వు వచ్చేవరకు?"

"వచ్చేవరకు మోగుతాంది. చాయ సల్లారకముందే పిలిచిన్రు."

"నిమ్మకాయ ఎవరు తీసిన్రు?"

"పెద్ద సేటునే అడుగురి. నా కొలువు నాకు కావాలె."

చాయ చల్లారేలోపల అన్నీ ఊడదీసి మళ్లీ చేసే మనిషిని నేను ఇప్పటిదాకా చూడలేదు. చూసినవాళ్లుంటే చెప్పండి. లోపలికి పోయి బావను అడిగాను.

"ఇప్పుడు మోగుతాంది గద. ఇంకేంది నీ ఫికర్?" అన్నాడు.

"ఏం చేసిండో చెప్పు బావా."

"గవన్ని నాకెట్ల తెలుస్తయ్? నేను ఆముదాలోన్ని."

అక్క నా చెయ్యి పట్టుకొని వంటింట్లోకి తీసుకుపోయింది. "జర ఊకో తమ్మీ. ఆయన తీరు నీకు ఎరుకనే గద. నా మొఖం చూసి ఊకో" అన్నది. అక్క ముఖం చూసి ఆ రోజు ఊరుకున్నాను. ఆ తర్వాత ఊరుకోలేదు. ఆ దసరాకు అడిగాను, జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయి బలాయి తీసుకొని నవ్వాడు. మా నాన్న పోయినప్పుడు వచ్చి కూర్చుంటే అడిగాను, సమయం కాదన్నాడు. ఆయన షష్టిపూర్తికి అడిగాను, పంతులు పిలుస్తున్నాడని లేచి వెళ్లాడు. సికింద్రాబాద్ దుకాణం ఏదో చెప్పమంటే మరిచిపోయానన్నాడు. ఆముదాల ధర ఏ ఏడు ఎంత పలికిందో ఇప్పటికీ తడుముకోకుండా చెప్పే మనిషి దుకాణం మరిచిపోయాడంటే నేను నమ్మాలా?

నా లెక్క ఇది. ఆ దుకాణంవాడు కారు చూడగానే నిమ్మకాయ తీగ విప్పి కింద కట్టాడు, రేడియో మోగింది. బావకు అక్కడికక్కడే తెలిసింది, బిగించిన పనిలో తప్పులేదని. ఆ మాట ఇంటికి తెస్తే ముందరి గది నాకు ఇవ్వాలి. అప్పటికే గదిని తన తమ్ముడికి ఇస్తానని ఒప్పుకొని ఉన్నాడు. కాబట్టి తీగలు పనికిరావన్నాడు. ఆ మాట ఊరంతా తిరిగింది. రేడియోలు తెచ్చేవాళ్లు తగ్గిపోయారు. నేను లాంతర్లే తుడుచుకుంటూ ఉన్నాను, ఊళ్లోకి కరెంటు వచ్చి లాంతర్లు అడిగేవాళ్లు లేకుండా పోయేదాకా.

ఇది నా లెక్క మాత్రమే, తప్పు కావచ్చు అంటారు మా పిల్లలు. తప్పైతే సరిదిద్దగలవాడు ఒక్కడే ఉన్నాడు. ఆయనకు ఇప్పటికీ చెవులు బాగానే వినిపిస్తున్నాయి, మాట తడబడదు, మొన్న డోర్నకల్ పెళ్లిలో మూగ రేడియో కథ మళ్లీ చెప్పి మళ్లీ నవ్వించాడు. నేను అడిగితే, అన్నం అరగనీయమన్నాడు.

బావా, అన్నం అరిగి ఉంటుంది. నీ గది నాకు అక్కర్లేదు, ఈ వయసులో దుకాణం పెట్టను. ఒక్కటే అడుగుతున్నాను. ఆ రోజు సికింద్రాబాద్‌లో ఆ మనిషి నేను పెట్టిన తీగల్లో ఒక్కదాన్నైనా ముట్టుకున్నాడా, లేదా? ముట్టుకుంటే ఏ తీగో చెప్పు. ముట్టుకోకపోతే, నాతో కాదు, ఇన్నేళ్లూ ఎవరిని నవ్వించావో వాళ్ల ముందు చెప్పు. అవును అను, కాదు అను. ఈసారి లేచి వెళ్లకుండా జవాబు చెప్పు.