ఐర్లండ్‌కు వెళ్లిన బొమ్మ కార్డు

యుద్ధం జరుగుతున్న రోజులవి. నా భార్య పోయి ఏడాది అయింది. ఆమె ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు.

ఒక సాయంత్రం కాజీపేట స్టేషన్ పుస్తకాల దుకాణం దగ్గర ఒక తెల్ల సిపాయి వరంగల్ కోట బొమ్మ ఉన్న కార్డు కొని, వెనక ఏదో రాసి, తిప్పి చూసుకుంటున్నాడు. బొమ్మలో రాతి తోరణం నీడన కూర్చున్నది నా భార్య. కోటకు వెళ్లినప్పుడు ఎవరో ఫోటో తీశారని ఒకసారి చెప్పింది.

"ఇంకొకటి ఉందా?" అని దుకాణదారును అడిగాను.

"గదే ఆఖరిది సారూ. మళ్ల రావు. గోలకొండది ఇయ్యనా? గది ఇంకా మంచిగుంటది."

సిపాయికి ఇంగ్లీషులో సంగతి చెప్పాను. అతను వెంటనే కార్డు నా చేతిలో పెట్టాడు. వెనక, ఐర్లండ్‌లో ఉన్న తల్లికి, బర్మా పోతున్నానని రాసి ఉంది. తిరిగి ఇచ్చేశాను.

"ఆమె పేరేమిటి?" అని అడిగాడు.

"అనసూయ" అన్నాను. బొమ్మ అంచున ఆ పేరు రాసుకుని రైలెక్కాడు.

ఆ కార్డు చేరిందో లేదో తెలియదు. చేరి ఉంటే, నాకు తెలిసి నా భార్య ముఖం ఉన్న ఇల్లు లోకంలో అదొక్కటే.