ఏలూరు దాకా కదలని గుడ్డు

నా చిన్నప్పుడు మాకు పామంటే పెద్ద భయం ఉండేది కాదు. కొల్లేటి లంకల్లో పుట్టినవాళ్ళకి నీరుకట్టె పాము కరవడం దోమ కుట్టినంత మాట. నీళ్ళలో పెట్టిన వెదురు మావులో చేప కోసం చెయ్యి పెడితే, ఒక్కోసారి చేపకు బదులు అదే దొరికేది. విషం లేని పాము కదా, చెయ్యి కడుక్కుని మళ్ళీ పనిలో పడేవాళ్ళం. ఆ ధీమాయే మా కొంపలు ముంచేది.

అమ్మ పోయాక నాన్న నన్ను మా మేనత్త దగ్గర వదిలి గణపవరం వైపు కూలికి వెళ్ళిపోయాడు. అత్తకి పిల్లల్లేరు, మామయ్య అప్పటికే లేడు. లంక చివర మా గుడిసె, దాని వెనక బాతుల గూడు. అత్త పొద్దుటినుంచి రాత్రిదాకా నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. ఆడుకోవడానికి అటు ఎవరూ వచ్చేవారు కాదు. నాకంటూ ఒక్క బాతుపిల్లనివ్వమని ఆవిడ ప్రాణం తీసేదాన్ని. బాతులు అమ్ముకోవడానికే గానీ ముద్దు చెయ్యడానికి కాదనేది.

వానాకాలంలో ఒకరోజు పొద్దున్నే గుడ్ల కోసం గూట్లో చెయ్యి పెట్టాను. చెయ్యి పెట్టేముందు తట్టడానికని అత్త అక్కడ ఒక కర్ర ఉంచేది. వానలో తడవడమెందుకని నేను దాని జోలికి పోలేదు. చురుక్కుమంది. నీరుకట్టేలే అనుకుని చూరునీళ్ళలో కడిగేసుకుని వచ్చి అన్నానికి కూర్చున్నాను. వాచిన చెయ్యి అత్త కంట పడింది.

"ఏం కరిచిందే?"

"నీరుకట్టె అత్తా."

"చూశావా?"

చూడలేదన్నాను. అత్త ఇంకేమీ అడగలేదు. పాముని వెతకడానికీ పోలేదు. నా చేతి గాజులు ఒక్కొక్కటే తీసేసి నన్ను పడుకోబెట్టింది.

నలుగురూ చేరారు. లంకలో పెద్దాయన ఒకాయన వేపాకు తెచ్చాడు. చేదు తెలియకపోతే విషం ఎక్కినట్టు లెక్క. "పడుకోనివ్వకమ్మా, నడిపించు. చేతికి తాడు బిగించి కట్టు. మంత్రం వేసేవాడికి కబురెడతాను" అన్నాడు.

"మా ఆయన్నీ అలాగే నడిపించారండి. కాస్త దారివ్వండి" అంది అత్త.

పాము కరిచినప్పుడు మామయ్యకి తాడు కట్టారు, కాటు దగ్గర కోశారు, వేపాకు నమిలించి పొద్దు గుంకేదాకా నడిపించారు. ఆయన ఆ నడకలోనే కూలిపోయాడు. ఏలూరు ఆసుపత్రికి చేర్చేసరికి అంతా అయిపోయింది. ఏం చేసి ఉండాల్సిందో అక్కడివాళ్ళు అత్తకి చెప్పారట. ఎవరికీ పనికిరాని ఆ మాటల్ని ఆవిడ అన్నేళ్ళు ఒక్కర్తే మోసింది.

పెద్దాయన చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు. ఆయన వెనకే మిగతావాళ్ళూ వెళ్ళారు. అత్త ఒక వెదురుబద్ద మీద నా చెయ్యి ఆనించి, పాత చీరపేలికతో వదులుగా చుట్టింది. నన్నెత్తుకెళ్ళి దోనెలో పడుకోబెట్టి, మళ్ళీ ఇంట్లోకి వెళ్ళి ఒక గుడ్డు తెచ్చి నా అరచేతిలో పెట్టింది. వెచ్చగా ఉంది.

"ఇందులో బాతుపిల్లుందమ్మా. కదిలితే చచ్చిపోద్ది. ఏలూరు దాకా కదలకుండా తెచ్చావంటే అది నీదే."

అత్త గెడ వేస్తూనే ఉంది. నాకు వాన మబ్బు తప్ప ఏమీ కనబడేది కాదు. మధ్యమధ్య ఆవిడ రొప్పు వినబడేది. రెప్పలు బరువెక్కాయి, మాట ముద్దయింది. లేచి అత్తని పట్టుకోవాలనిపించింది. లేస్తే పిల్ల చచ్చిపోతుంది. దానికి పేరేం పెట్టాలా అని ఆలోచిస్తూ కదలకుండా పడుకున్నాను. అంత పెద్ద కొల్లేట్లో మేం ముగ్గురమే ఉన్నామనిపించింది. ఒడ్డు చేరాక బండిలోనూ గుడ్డుని అలాగే పట్టుకున్నాను.

ఆసుపత్రిలో సూదిమందు ఎక్కించారు. తాచుపాము అయి ఉంటుందనీ, మధ్యాహ్నం దాటితే దక్కేది కాదనీ డాక్టరుగారు అన్నారు.

మర్నాడు తెలివొచ్చాక నేను మొదట అడిగింది పిల్ల గురించే. అత్త కొంగుముడి విప్పి గుడ్డు తీసింది. మంచం పట్టెకి కొట్టి పెంకు ఒలిచింది.

"ఉడకబెట్టిందమ్మా. పొద్దున నీకని పొయ్యి మీద పెట్టిందే" అంది.

పాము కరిచినప్పుడు ఏడవనిదాన్ని, అప్పుడు వెక్కివెక్కి ఏడ్చాను. పేరు కూడా పెట్టేశాను మరి. అత్త గుడ్డు తుంచి నా నోట్లో పెట్టింది. నాకు ఊహ తెలిశాక ఆవిడ తన చేత్తో తినిపించడం అదే మొదలు. "ఉప్పు తేవడం మర్చిపోయానే" అంటూ ఆవిడా కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఒక్కదాన్నే ఉంటున్నాను. మేడ మీది ఇంట్లో కూడా కట్టెపుల్లతో తట్టకుండా చీకటి మూలలో చెయ్యి పెట్టను. పాము కరిచిందని ఎవరన్నా అంటే, అది ఏ పామో అడగను. కదలనివ్వకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళమంటాను. పొద్దున్నే ఒక గుడ్డు ఉడకబెట్టుకుంటాను. ఉప్పు ఎదురుగానే ఉంటుంది. వేసుకోను.