గడప దాటని రక్తం

పొద్దున కాఫీ నోట పడకముందే ఎలుక తోక చూడటం కనకలక్ష్మికి అలవాటు. గుంటూరు బ్రాడీపేటలోని ఇంటి నుంచి స్కూటరు మీద ప్రయోగశాలకు వస్తుంది. తాళం తీసి తిన్నగా వెనక గదిలోని పంజరాల దగ్గరికి వెళ్తుంది. ఒక తెల్ల ఎలుకను పట్టుకుని, తోక చివర సూదితో చిన్నగా పొడిచి, రక్తపు చుక్కను గాజుపలక మీద పెట్టి మైక్రోస్కోపులోకి చూస్తుంది. ఎర్ర కణాలు కుదురుగా ఉంటే ఆ ఎలుకకు ఇంకా జబ్బు రాలేదన్నమాట. తిరునాళ్ల గుంపులో ఎవడో జనాన్ని నెట్టుకుంటూ పోతున్నట్టు కణాలు అటూ ఇటూ జరుగుతుంటే, ఆ నెట్టేవాడు వచ్చేసినట్టే. సన్నగా, పొడుగ్గా, మెలికలు తిరుగుతూ కనిపించే ఆ జీవి పేరు ట్రిపనోసోమా. "ఉన్నారు" అని తనలో తాను అనుకుని, అప్పుడు ఫ్లాస్కు మూత తీస్తుంది.

పశువైద్యం చదివి, దాని మీదే పరిశోధనకు చేరిన కొత్తలో ఇంట్లోవాళ్లకు తన పని చెప్పడానికి ఆమె నానా తంటాలు పడింది. వానలు పడి జోరీగలు ముసిరే రోజుల్లో గేదెలకు సర్రా అనే జబ్బు వస్తుంది. ఒక గేదెను కుట్టిన ఈగ నెత్తుటి మూతితో ఇంకో గేదె మీద వాలితే చాలు. జ్వరం వస్తుంది, తగ్గుతుంది. తగ్గిపోయిందిలే అని రైతు నిమ్మళించేసరికి మళ్లీ వస్తుంది. చివరికి గేదె కట్టుకొయ్య చుట్టూ గిరగిరా తిరిగి పడిపోతుంది.

"తగ్గిన జ్వరం మళ్లీ ఎందుకొస్తుందనేదే నా చదువు నాన్నా" అంది తండ్రి త్యాగరాజు మాస్టారితో. "ఈ జబ్బు తెచ్చే ట్రిపనోసోమా ఒంటి నిండా ఒక కోటు ఉంటుంది. గేదె ఒళ్లు ఆ కోటును గుర్తుపట్టి, దాన్ని తొడుక్కున్నవాళ్లందరినీ చంపేస్తుంది. అప్పటికే ఏ కొద్దిమందో కోటు మార్చేసి ఉంటారు. వాళ్లు మిగిలిపోయి మళ్లీ పెరుగుతారు. కోట్లు కుట్టే జన్యువులు దాని దగ్గర వందల కొద్దీ ఉన్నాయి. ఒకసారికి ఒక్కటే బయటికి తీస్తుంది."

"బహురూపులవాడన్నమాట" అన్నారు మాస్టారు.

"అంతే."

ఈ సంగతి పైదేశాల ప్రయోగశాలల్లో ఎలుకల మీద ఎప్పుడో తేల్చారు. కనకలక్ష్మికి కావలసింది వేరే. మన పల్లెలో, మన ఈగ కుట్టి జబ్బు చేసిన గేదెలో, మొదటి జ్వరం నాటి కోటు, రెండో జ్వరం నాటి కోటు పక్కపక్కన పెట్టి చూడాలి. అది దొరకడం లేదు. మొదటి జ్వరానికే మందు పడితే రెండో జ్వరం రాదు. మందు ఆపిస్తే దొరుకుతుంది గానీ, రైతు గేదెను తన చదువు కోసం మాడ్చే మనిషి కాదు ఆమె. ఆ మాట తన గైడుకు మొదటి రోజే చెప్పేసింది.

ఇంకో చిక్కు ప్రయాణం. ఒకసారి అద్దంకి నుంచి రక్తం తెస్తుంటే చిలకలూరిపేట దగ్గర బస్సు ఆగిపోయి, డబ్బాలో ఐసు కరిగి, ఆ జీవులన్నీ చచ్చిపోయాయి. అప్పటినుంచి రక్తాన్ని ఎలుకల దగ్గరికి తేవడం మానేసి ఎలుకలనే రక్తం దగ్గరికి తీసుకెళ్లడం మొదలుపెట్టింది. గేదె పక్కనే ఎలుకకు ఆ రక్తం ఎక్కిస్తే, ఆ జీవి ఎలుక ఒంట్లో హాయిగా గుంటూరు చేరుతుంది. ఆ రూట్లో కండక్టరు రంజాన్ ఆమె ఒళ్లోని పంజరం చూసినప్పుడల్లా, "మేడం, వీళ్లకి ఆఫ్ టికెట్టా, ఫుల్లా?" అనేవాడు.

"వెళ్లేటప్పుడు ఆఫ్. వచ్చేటప్పుడు లోపల కోట్లమంది ఉంటారు, బస్సే రాసివ్వాలి" అనేది కనకలక్ష్మి.

రెండువేల మూడు వానాకాలంలో ఆ అవకాశం వచ్చింది. అద్దంకి అవతల ఒక ఊళ్లో అంకమ్మరావు, హనుమాయమ్మ దంపతుల పాడిగేదెకు జ్వరం తగిలితే కనకలక్ష్మి వెళ్లి ఎలుకకు రక్తం ఎక్కించుకుని వచ్చింది. సర్రానే. కానీ దాని మందు ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు. మందు తెప్పించేలోపు గేదె తేరుకుని చిట్టు కలిపిన కుడితి తాగింది. గురువారం సాయంత్రం అక్కడి పశువుల ఆసుపత్రిలో పనిచేసే వీరాంజనేయులు ఫోన్ చేశాడు.

"మేడం, మళ్లీ కాలుతోంది. కొయ్య చుట్టూ తిరుగుతోంది. రేపటికల్లా సూది పడకపోతే మనది కాదు."

మందు ఆ మధ్యాహ్నమే ఆమె చేతికి వచ్చింది. శుక్రవారం మొదటి బస్సుకు మందు, రెండు ఎలుకలు, ఎండకు పట్టుకుని చూసే చిన్న మైక్రోస్కోపు తీసుకుని బయలుదేరింది. సూది వేశాక ఆ జీవులు ఒంట్లో నిలవవు. వేసే ముందు నాలుగు చుక్కలు తీసుకుంటే ఆమె ఇన్నాళ్లూ వెతుకుతున్న రెండో కోటు చేతికొస్తుంది.

హనుమాయమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది. నుదుట పెద్ద బొట్టు, గడపలకు అప్పుడే పూసిన పసుపు.

"వచ్చావా డాక్టరమ్మా! ముందు సూది వెయ్యి తల్లీ. నా గొడ్డు నిలబడలేకపోతోంది."

"వేస్తాను పిన్నిగారూ. దానికి ముందు కాస్త రక్తం తీసుకుంటా."

హనుమాయమ్మ మొహం మారిపోయింది. "ఇయ్యాళ శుక్రవారం."

"అవును."

"శుక్రవారం పూట మా ఇంట్లోంచి ఉప్పుగల్లు కూడా బయటికి పోదు. పాడిగేదె నెత్తురు పట్టుకుపోతానంటే ఎట్టా? లక్ష్మిని కోసి పంపినట్టుగాదూ?"

అరుగు మీద కూర్చున్న అంకమ్మరావు నవ్వాడు. "కేంద్రానికి పాలు పోయిస్తున్నావుగా శుక్రవారం?"

"మొదటి చెంబు దేవుడికాడ పెట్టి ఆనక పోయిస్తున్నా. మధ్యలో నువ్వు నోరెత్తమాక. పత్తికి మందు కొట్టే రోజు నువ్వు వర్జ్యం చూసుకోవూ?"

అంకమ్మరావు చప్పున ఆకాశం వైపు చూశాడు. వీరాంజనేయులు కనకలక్ష్మికి దగ్గరగా వచ్చి, "సూది వేసే వంకతో ఓ చుక్క లాగేద్దాం మేడం, ఆమెకేం తెలుస్తుంది?" అన్నాడు.

"వద్దండీ. గేదె వాళ్లది. నెత్తురూ వాళ్లదే."

కనకలక్ష్మి కొట్టంలోకి వెళ్లి గేదె చెవి పట్టుకుని చూసింది. సలసలా కాలిపోతోంది. తెల్లారేదాకా ఆగితే శుక్రవారం పోతుంది, గేదె కూడా పోతుంది. ఇప్పుడే సూది వేస్తే గేదె బతుకుతుంది, రెండో కోటు పోతుంది. ఆమె ఎక్కువసేపు ఊగిసలాడలేదు. సంచి విప్పి మందు సీసా తీసి, నీళ్లు కలిపి ఆడించడం మొదలుపెట్టింది.

"పిన్నిగారూ, మీరు ఒప్పుకున్నా లేకపోయినా సూది పడుతుంది. ఆ భయం పెట్టుకోకండి."

హనుమాయమ్మ కళ్లు తుడుచుకుంది. "నీ కడుపు చల్లగుండ."

సీసా ఆడిస్తుంటే కనకలక్ష్మికి తమ బ్రాడీపేట వంటిల్లు గుర్తొచ్చింది. పక్కింటి ఖుర్షిదా అత్తయ్య ఎప్పుడు చూసినా శుక్రవారమే మజ్జిగ తోడుకు వచ్చేది. అమ్మ శుక్రవారం తోడు ఇవ్వదు. అలాగని లేదనీ అనదు. "పాలు ఇక్కడికే పట్రా ఖుర్షిదా, మా ఇంట్లోనే తోడేస్తాను. రేపు పొద్దున వచ్చి పెరుగు పట్టుకెళ్లు" అనేది. తెల్లారాక ఆ గిన్నె గోడ మీదుగా అవతలికి వెళ్లేది. ఇటు అమ్మ ఆచారమూ చెడలేదు, అటు ఆ ఇంట్లో పెరుగు లేని పూటా లేదు.

కనకలక్ష్మి సీసా కింద పెట్టింది.

"పిన్నిగారూ, శుక్రవారం పక్కవాళ్లు తోడుకొస్తే ఏం చేస్తారు మీరు?"

"ఏం చేస్తాం? పాలు తెచ్చుకోమని ఇక్కడే కలిపి పెడతాం. తెల్లారి తీసుకుపోతారు. ఇప్పుడదెందుకు?"

"నేను పాలు తెచ్చుకున్నాను" అని పంజరం మీది గుడ్డ తీసింది కనకలక్ష్మి. "ఈ ఎలుకలకు మీ కొట్టంలోనే ఆ రక్తం ఎక్కిస్తాను. దూది ముక్క కూడా మీ గడప దాటదు. రేపు పొద్దు పొడిచాక పట్టుకెళ్తాను."

హనుమాయమ్మ రెండు ఎలుకలనూ వంగి చూసింది. అవి మీసాలు ఆడిస్తూ ఆమెనే చూశాయి.

"పొద్దు పొడిచాకేనా?"

"మీరు వెళ్లమన్నాకే."

"వినాయకుడి బండి. కాదంటే ఆయనకు కోపం" అని అరుగు మీదినుంచి అందించాడు అంకమ్మరావు.

"ఒక్కటి కూడా తప్పించుకోగూడదు. నా బియ్యం బస్తాల్లో దూరిందో, నీ చదువూ లేదు, నువ్వూ లేవు" అంది హనుమాయమ్మ. ఒప్పుకున్నట్టే.

గేదె మెడనరం నుంచి తీసిన రక్తం అక్కడికక్కడే రెండు ఎలుకల పొట్టల్లోకి వెళ్లింది. ఆ వెంటనే గేదెకు సూది పడింది. మిగిలిన చుక్కను గాజుపలక మీద పెట్టి, మైక్రోస్కోపు అద్దం ఎండకు తిప్పి, హనుమాయమ్మను చూడమంది కనకలక్ష్మి. ఆమె ఒక కన్ను చేత్తో మూసుకుని చాలాసేపు చూసింది.

"ఇదా నా గేదెను తింటున్నది? ఎట్టా తన్నుకులాడుతోందో చూడు!"

"ఇదే. కిందటిసారి చొక్కా విప్పేసి ఇప్పుడు కొత్తది తొడుక్కొచ్చింది."

"దొంగసచ్చినోడు" అంది హనుమాయమ్మ, ఇంకా కన్ను తీయకుండా.

జోరీగలు వాలకుండా పంజరానికి పాత దోమతెర చుట్టి వసారాలో పెట్టారు. ఆ పూట కనకలక్ష్మి వాళ్లింట్లోనే దోసకాయ పప్పు తింది. ఎలుకలకు హనుమాయమ్మ నానబెట్టిన శనగలు వేసింది. శనివారం పొద్దు పొడిచేసరికి గేదె లేచి నిలబడి పచ్చగడ్డి కొరుకుతోంది. హనుమాయమ్మ దాన్నీ, సూర్యుణ్నీ చూసి, పంజరం తానే ఎత్తుకొచ్చి గడప బయట పెట్టింది.

"ఇంక పట్టుకుపో."

గుంటూరు చేరాక రోజూ పొద్దున్నే తోక చూసింది కనకలక్ష్మి. ఆదివారం కణాలు కుదురుగా ఉన్నాయి. సోమవారమూ అంతే. మంగళవారం ఒక మూల చిన్న తోపులాట కనిపించింది. "ఉన్నారు" అంది, ఈసారి పైకే. ఎలుక ఒంట్లో మళ్లీ కోటు మార్చే వ్యవధి ఇవ్వకుండా, మొదటి జ్వరం నాటి ఎలుక విషయంలో చేసినట్టే, వెంటనే రక్తం తీసి, ఆ జీవులు ఏ జన్యువును బయటికి తీసి వాడుతున్నాయో పట్టుకుంది. ఆ జన్యువులోని అక్షరాల వరస చదివించడానికి హైదరాబాదు పంపింది. వచ్చిన రెండు వరసలనూ కంప్యూటరు మీద ఒకదాని కింద ఒకటి పేర్చింది. మొదలూ కాస్త, చివరా కాస్త కలిశాయి. మధ్యలో ఎక్కడా కలవలేదు. ఒకే గేదె, ఒకే జబ్బు, రెండు కోట్లు.

గైడు శరత్‌చంద్ర గారు తెర ముందు కూర్చుని గడ్డం గోక్కున్నారు. "కోటు ఎలుకలో మారిందంటారేమో పరీక్షకులు."

"అనరు సార్. రెండు జ్వరాల ఎలుకల నుంచీ ఒకేలా, కణాలు కదలడం మొదలైన పూటే రక్తం తీశాను. అన్నా, జవాబు ఉంది."

అన్నారు. జవాబు చెప్పింది. పట్టా వచ్చింది.

కనకలక్ష్మి ఇప్పుడు అదే ప్రయోగశాలలో శాస్త్రవేత్త. ఇప్పటికీ ఎలుకల పంజరం ఒళ్లో పెట్టుకునే బస్సులో ఊళ్లకు వెళ్తుంది. శుక్రవారమైతే మర్నాటికి మార్చుకునే బట్టలు కూడా సంచిలో పెట్టుకుంటుంది.