మొదటి పేజీలో త్యాగరాజు గారు

మీరు ఢిల్లీ వచ్చి ఎర్రకోట చూడకపోయినా ఫర్వాలేదు కానీ, ఇంద్రాణి గారిని మాత్రం తప్పకుండా కలవాలి. ద్వారకలో ఉంటారు, నోయిడాలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో అడ్మిన్ చూస్తారు. ఎదురుగా కూర్చున్న ఐదు నిమిషాల్లో మీ మొహం ఏ పక్కనుంచి బాగుంటుందో, మీరు నవ్వాలో వద్దో చెప్పేస్తారు. చెప్పేవారు, అనాలి. ఇప్పుడు ఎవరైనా అడిగితే "నాకేం తెలుసండీ, ఫొటోగ్రాఫర్‌ని అడగండి" అని లేచి వెళ్ళిపోతున్నారు. అలా ఎందుకయ్యారో వింటే మీకూ మనసు పాడవుతుంది, అయినా వినండి.

ఆవిడది అమలాపురం. పెళ్ళయి ఎనభై అయిదులో ఢిల్లీ వచ్చారు. భర్త రామమోహనరావు గారు కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తాగా చేరి సెక్షన్ ఆఫీసరు దాకా ఎదిగిన మనిషి. ఆర్కే పురం క్వార్టర్లో పగలంతా తోచక, మార్కెట్లో ఒక సర్దార్జీ ఫొటో స్టూడియోలో కౌంటర్ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టారు ఇంద్రాణి గారు. అలా పదకొండేళ్ళు. పక్కనే జియా సరాయ్ కదా, కోచింగ్ పిల్లలంతా పరీక్ష ఫారాలకి ఫొటోల కోసం అక్కడికే వచ్చేవారు. ప్రూఫులు బల్ల మీద పరిచి, ఏది తీసుకోవాలో తెలీక కొట్టుకుంటుంటే ఆవిడ ఒకటే ప్రశ్న అడిగేవారు.

"ఈ ఫొటో ఎవరు చూస్తారు?"

జవాబు వచ్చాక ఒక అట్టముక్క తీసుకుని ఫొటోలో నోరు మూసేసి కళ్ళు మాత్రమే చూసేవారు. తర్వాత కళ్ళు మూసేసి నోరు చూసేవారు. రెండూ ఒకే మాట చెబితే ఆ ఫొటో పక్కకి. పెదాలు నవ్వుతూ కళ్ళు భయపడుతుంటే చెత్తబుట్టకి. "పెళ్ళి సంబంధానికైతే అందంగా ఉండాలి, ఆఫీసు పనికైతే నమ్మేట్టుండాలి" అనేవారు. ఆవిడ ఎంచిన ఫొటో వద్దన్న మనిషి ఒక్కడు కూడా లేడని సర్దార్జీ అందరికీ చెప్పుకునేవాడు.

డిజిటల్ కెమెరాలొచ్చాక సర్దార్జీ షాపు మూసేశాడు. ఇంద్రాణి గారు తెలిసినవాళ్ళ ద్వారా నోయిడా కంపెనీలో చేరారు. ఐడీ కార్డులు, క్యాబులు, కాన్ఫరెన్స్ రూములు, పోగొట్టుకున్న టిఫిన్ డబ్బాలు, అన్నీ ఆవిడ దగ్గరికే వచ్చేవి.

రెండువేల తొమ్మిది జనవరి. అమెరికాలో బ్యాంకులు కూలిపోతున్న రోజులు. కంపెనీకి కొత్త పనులు రావడం లేదు. అందుకని మంచి బ్రోషర్ ఒకటి వేసి క్లయింట్లకి పంపాలనుకున్నారు. అందులో సీనియర్ల ఫొటోలు ఉండాలి, అవి స్టూడియోలో తీయించినవై ఉండాలి. ఆ పని ఇంద్రాణి గారికి కాక ఇంకెవరికిస్తారు? ముప్ఫై ఒక్క మందిని విడతలు విడతలుగా సెక్టర్ పద్దెనిమిదిలో స్టూడియోకి తీసుకెళ్ళారు. సర్దార్జీ రోజులు తిరిగొచ్చినంత సంబరంగా ఉంది ఆవిడకి.

ఆ ముప్ఫై ఒక్క మందిలో త్యాగరాజు గారొకరు. బొబ్బిలి మనిషి, నలభై ఎనిమిదేళ్ళు, పదేళ్ళుగా ఆ కంపెనీలోనే ఉన్నారు. ఉండేది ద్వారకలోనే కాబట్టి ఇద్దరూ రోజూ ఒకే మెట్రోలో ఇంద్రప్రస్థ దాకా వచ్చి, అక్కడ ఆఫీసు క్యాబ్ ఎక్కేవారు. స్టూడియోకి వెళ్ళేరోజు, కరోల్ బాగ్‌లో కొన్న కొత్త కోటు వేసుకుని, రెండు టైలు చేతిలో పట్టుకుని వచ్చారాయన.

"ఏదండీ మేడమ్, ఎరుపా నీలమా? మా జానకీదేవి ఎరుపంది. పెళ్ళిలో ఎరుపు కట్టుకున్నాను, అప్పట్నుంచీ నా మాట చెల్లలేదు."

"అయితే నీలం కట్టుకోండి, ఈసారైనా చెల్లుద్దేమో" అన్నారు ఇంద్రాణి గారు.

తీరా లైటు ముందు కూర్చోబెడితే ఆయన బిగుసుకుపోయారు. పద్నాలుగు ఫొటోలు తీశాడు ఫొటోగ్రాఫర్. పద్నాలుగింటిలోనూ బ్యాంకులో అప్పు అడగడానికి వచ్చిన మనిషిలా ఉన్నారు. "మేడమ్‌జీ, సర్ తో పత్థర్ బన్ గయే" అని, సారు రాయిలా అయిపోయారంటూ తల పట్టుకున్నాడు అతను.

ఇంద్రాణి గారు కెమెరా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. "త్యాగరాజు గారూ, ఆ మధ్య ఆ విమానాల వాళ్ళ సిస్టమ్ మొత్తం పడిపోయిందట కదా? మీరే లేపారని చెప్పుకుంటారు. ఏం జరిగిందసలు?"

"అదా!" అన్నారాయన, భుజాలు కిందకి దిగాయి. "ఏటి చెప్పమంటారు మేడమ్, మూడొందల మంది ఎయిర్‌పోర్టులో నిలబడిపోయున్నారు. అందరూ సర్వర్ చూస్తన్నారు, నేను ఒక్కణ్ణే తేదీ చూశాను. ఫిబ్రవరి ఇరవై తొమ్మిది! ఆ తేదీ ఉంటదని ఎవడూ రాయలేదు ప్రోగ్రాంలో..."

కెమెరా క్లిక్‌మంది. అది పదిహేనో ఫొటో. ఇంద్రాణి గారు కంప్యూటర్ మీద అరచేత్తో ముందు నోరు, తర్వాత కళ్ళు మూసి చూశారు. రెండూ ఒకటే చెప్పాయి: ఈ మనిషి చేతిలో పని పెడితే అయిపోతుంది.

వారం తిరక్కుండా హెచ్.ఆర్. మేనేజర్ సుధీర్ బ్రోషర్‌లో వేయాల్సిన పేర్ల జాబితా పంపాడు. హైదరాబాద్ అబ్బాయి, ముప్ఫై రెండేళ్ళుంటాయి. జాబితాలో ఇరవై నాలుగే ఉన్నాయి. ఇంద్రాణి గారు ప్రింట్ తీసుకుని అతని గదిలోకి వెళ్ళారు.

"బాబూ, ఏడు పేర్లు తప్పిపోయాయి. త్యాగరాజు గారిది కూడా లేదు, చూసుకో."

సుధీర్ లేచి తలుపు వేశాడు. "తప్పిపోలేదు ఆంటీ."

ఆవిడకి ఒక్క క్షణం అర్థం కాలేదు.

"మార్చి ఎండ్‌కి ఆ ఏడుగుర్ని పంపించేస్తున్నారు. నా చేతుల్లో లేదు, పైనుంచి వచ్చింది. ప్లీజ్ ఆంటీ, ఈ ముచ్చట బయటికి పోతే నా జాబ్ పోతది, మీ జాబ్ పోతది. ఒట్టేయండి."

ఇంట్లో కూతురు ఇషిత ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతోంది. రామమోహనరావు గారికి రిటైర్మెంట్ ఇంకెంతో దూరం లేదు. ఇంద్రాణి గారు ఒట్టేశారు.

మర్నాటినుంచి మెట్రోలో త్యాగరాజు గారి పక్కన కూర్చోవడం నరకమైపోయింది. ఆయన వాళ్ళబ్బాయి దీపు పన్నెండో క్లాసు పరీక్షల గురించి చెబుతారు, ఈవిడ కిటికీలోంచి చూస్తారు. ఒకరోజు ఆయన గొంతు తగ్గించి అన్నారు: "మేడమ్, మీకొక్కరికే చెప్తన్నాను. హైదరాబాద్‌లో చిన్న కంపెనీ వాళ్ళు పిలుస్తన్నారు. జీతం తక్కువే. వచ్చే నెల ఇరవయ్యో తారీకు శుక్రవారం లోపు చెప్పమన్నారు. ఇక్కడేమో రోజులు బాలేవంటన్నారు. ఏం చేద్దారంటారు?"

"వెళ్ళండి" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. స్టేషన్ వచ్చింది, దిగిపోయారు.

ఆ సాయంత్రం ఇంట్లో పేర్లు చెప్పకుండా భర్త దగ్గర ఏడ్చారు. రామమోహనరావు గారు పేపరు మడిచి పక్కన పెట్టారు. "మా దగ్గరైతే ఈ గోలే ఉండదోయ్. మనిషి పేరు ఒకసారి అచ్చులో పడిందంటే ఇక అంతే. తీయాలంటే ఫైలు ఎన్ని బల్లలు తిరగాలి, ఎంతమంది సంతకాలు పెట్టాలి! ఎవడు పడతాడు ఆ బాధ? ఉన్నవాణ్ణి ఉండనిస్తారు."

ఇరవై నాలుగేళ్ళుగా ఆ మాటలే వింటూ బతికిన మనిషికి అందులో దారి కనిపించింది. అచ్చు. ఆయన ఫొటో అచ్చులో పడితే!

అవకాశం దానంతటదే వచ్చింది. సుధీర్ రెండు వారాలు హైదరాబాద్ ఆఫీసుకి వెళ్ళాడు. మార్కెటింగ్ వాళ్ళకి ఏ జాబితా సంగతీ తెలీదు. "మేడమ్, మొదటి పేజీ నిండా ఒకే ఒక్క ఫొటో వేద్దామనుకుంటున్నాం. మీ లెక్కలో ది బెస్ట్ ఏది?" అని వాళ్ళే అడిగారు. ఇంద్రాణి గారు అబద్ధం చెప్పలేదు. నిజంగా అదే బెస్టు. పదిహేనో ఫొటో పంపించేశారు.

ఫిబ్రవరి పదిహేడు మంగళవారం బ్రోషర్లు వచ్చాయి. నున్నటి కాగితం, నీలం టై, ఆ కళ్ళు. ఫ్లోరంతా త్యాగరాజు గారి చుట్టూ మూగింది. "క్యా బాత్ హై సర్, హీరో!" అని వీపులు చరిచారు. ఆయన ఒక కాపీ పట్టుకుని పరుగున ఇంద్రాణి గారి దగ్గరికి వచ్చారు.

"చూశారా మేడమ్! పదేళ్ళకి గుర్తించారు నన్ను. పొమ్మనేవాణ్ణి ఎవడైనా మొదటి పేజీలో వేస్తాడా? ఇంకెందుకండీ హైదరాబాదు? వద్దని రాసేయనా?"

ఆవిడ నిజంగానే నమ్ముతున్నారు ఆ క్షణంలో. "అచ్చులో పడ్డాక ఇంకేముంటుందండీ" అన్నారు.

ఆయన ఆ మధ్యాహ్నమే హైదరాబాద్ వాళ్ళకి మెయిల్ పెట్టేశారు.

గురువారం పొద్దున్న సుధీర్ తిరిగొచ్చాడు. బ్రోషర్ చేతిలో పట్టుకుని ఇంద్రాణి గారిని గదిలోకి పిలిచాడు. "ఏంది ఆంటీ ఇది? ఎవరిని వేశారు మీరు?"

"అచ్చయిపోయింది కదా బాబూ. ఇక ఆయన్ని ఉంచేస్తారు కదా? ఐదువేల కాపీలు..."

సుధీర్ ఆవిడకేసి జాలిగా చూశాడు. కోపం కూడా పోయింది అతనికి. "ఆంటీ, మనిషికి ఫొటోకి ఏం సంబంధం? క్లయింట్ అమెరికాలో కూర్చుంటడు, ఈయన ఉన్నడో లేడో వాడికేం తెలుసు? ఫొటో బాగుంది, ఫొటో ఉంటది. ఆయన పోతడు."

బయటికి వచ్చి గోడ మీద క్యాలెండర్ చూశారు. ఇంకా శుక్రవారం రాలేదు. ఇంకొక్కరోజుంది. ఇప్పుడు చెబితే ఆయన మళ్ళీ మెయిల్ పెట్టొచ్చు, ఫోన్ చేయొచ్చు, పొరపాటైపోయిందని బతిమాలుకోవచ్చు. ఇంద్రాణి గారు తిన్నగా త్యాగరాజు గారి సీటు దగ్గరికి నడిచారు.

ఆయన సోన్‌పాపిడి డబ్బా తెరిచి పంచుతున్నారు. "రండి మేడమ్, మీకోసమే ఉంచాను. మా ఆవిడ బ్రోషర్ బొబ్బిలి పంపించమంటంది వాళ్ళన్నయ్యకి. ఇన్నాళ్ళూ ఆయన నన్ను టైపిస్టు అనుకుంటన్నాడంట!"

చుట్టూ అందరూ నవ్వారు. ఇంద్రాణి గారు నోరు తెరిచారు. ఆయన ఒక ముక్క చేతిలో పెట్టారు. పక్క గది అద్దంలోంచి సుధీర్ ఇటే చూస్తున్నాడు. ఇషిత గుర్తొచ్చింది. "కంగ్రాట్స్ అండీ" అని ఆ ముక్క తినేసి వచ్చేశారు. శుక్రవారం ఒంట్లో బాలేదని సెలవు పెట్టారు.

మార్చి ముప్ఫై ఒకటిన ఏడుగుర్నీ ఒక్కొక్కర్నే పిలిచారు. వెళ్ళేవాళ్ళ ఐడీ కార్డు తీసుకుని సంతకం పెట్టించుకోవడం అడ్మిన్ పని. త్యాగరాజు గారు అట్టపెట్టె ఒక చేత్తో పట్టుకుని వచ్చారు. కార్డు బల్ల మీద పెట్టారు. రిజిస్టర్లో సంతకం పెట్టారు.

"మేడమ్, ఆ ఫొటో ఒకటి నాకు మెయిల్ చేస్తారా? బయోడేటాకి పనికొస్తది."

స్టూడియో ఫొటోలు కంపెనీ ఆస్తి, బయటికి ఇవ్వకూడదు. ఇంద్రాణి గారు ఆ రోజే పంపేశారు, తన సొంత మెయిల్‌లోంచి.

హైదరాబాద్ వాళ్ళు అప్పటికే ఇంకెవరినో తీసుకున్నారు. జానకీదేవి గారు వాళ్ళ అపార్ట్‌మెంట్ సొసైటీ పిల్లలకి లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు. ఆగస్టులో ఒకరోజు త్యాగరాజు గారి ఫోన్ వచ్చింది. గొంతు మామూలుగానే ఉంది, నవ్వుతూనే మాట్లాడారు.

"గుర్గావ్‌లో ఇంటర్‌వ్యూకెళ్ళాను మేడమ్. అక్కడ బల్ల మీద మన బ్రోషర్! ఇంటర్‌వ్యూ చేసేవాడు అది నాకు చూపించి, మీరింకా అక్కడే చేస్తున్నారు కదా, తీసేశారని ఎందుకు చెబుతున్నారంటాడు. ఈ మధ్యే వచ్చిందంట వాళ్ళకి. ఎంత చెప్పినా నమ్మలేదు, ఏదో దాస్తన్నాననుకున్నాడు. మంచి ఫొటో అన్నాడు మళ్ళీ."

ఇంద్రాణి గారు లేచి గది తలుపు వేశారు.

"మేడమ్, ఒకటడుగుతాను, ఏమనుకోకండి. జాబితా మీ దగ్గరికి వచ్చుంటది కదా. ముందే తెలుసా మీకు?"

తెలీదనొచ్చు. రుజువు చేసేవాళ్ళెవరూ లేరు. సుధీర్ కూడా వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు.

"తెలుసండీ" అన్నారు ఇంద్రాణి గారు.

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. "అచ్ఛా" అన్నారు త్యాగరాజు గారు, మెల్లగా. తర్వాత ఫోన్ పెట్టేశారు. మళ్ళీ చేయలేదు. ఈవిడ చేస్తే ఎత్తలేదు. వాళ్ళ కుటుంబం ద్వారకలో ఇల్లు ఖాళీ చేసిందని దీపావళికి ఎవరో చెప్పారు. ఎక్కడికెళ్ళారో చెప్పలేకపోయారు.

ఆయన బాగుండాలనే ఆవిడ ఆ ఫొటో ఎంచారు. అది లేకపోతే ఆయన హైదరాబాద్ వెళ్ళిపోయి ఉండేవారు. ఇంద్రాణి గారు రోజూ ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తారు. ఏదీ తీసేయలేకపోతున్నారు.

మీరే చెప్పండి. ఇంట్లో చదువుకునే కూతురుంది, ఒట్టేసి ఉన్నారు, అద్దం వెనకనుంచి మేనేజర్ చూస్తున్నాడు, గడువుకి ఇంకొక్కరోజే ఉంది. ఆ గురువారం త్యాగరాజు గారి కుర్చీ పక్కన నిలబడింది మీరైతే, ఏం చేసేవారు?